వాకిట్లో నిలిచే బోటు ఏది?

కోనసీమలో స్థితిమంతుడనిపించుకోవడానికి కారు ఒక్కటే సరిపోని రోజులు వచ్చాయి గనుక, షికారు మోటారుబోటును సెకండ్ హ్యాండులో కొనే విషయాన్ని ఇక గంభీరంగా విచారించక తప్పదు. బేరానికి వచ్చినవి రెండు. ఒకటి 18 అడుగుల ఫైబరు బోటు. వెనక చెక్కకు 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజను బిగించి ఉంటుంది, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. రెండోది 24 అడుగులది. ఇంజను దాని పొట్టలోనే ఉంటుంది, పైన తెల్ల సోఫాలుంటాయి.

వెనక చెక్కను సుత్తితో తట్టినప్పుడు ఖంగుమంటే గట్టిదని, మొద్దుగా పలికితే లోపల నీరు తాగి కుళ్లిందని, సిలిండర్లన్నిటిలో కంప్రెషన్ దాదాపు సమానంగా ఉండాలని, నీటిపంపులోని రబ్బరు ఇంపెల్లరును వేళకు మార్చి ఉండాలని, ఉప్పునీటిలో తిరిగిన ఇంజనును మంచినీటితో కడిగారో లేదో కనుక్కోవాలని మెకానిక్కులు చెబుతారు. ఇవన్నీ బోటును నీళ్లలో దింపుదామనుకునే అమాయకుల కోసం చెప్పిన మాటలు.

మన నీటి పంచాంగాన్ని ఒకసారి తిరగేయండి. వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక వస్తుంది, అప్పుడు గోదాట్లోకి షికారుకు వెళ్లేవాణ్ణి ధైర్యవంతుడని ఎవరూ అనరు. వరద తగ్గాక కాలువ నిండా గుర్రపుడెక్క, ప్రొపెల్లరుకు చుట్టుకుంటే కత్తి పట్టుకుని దిగాల్సిందే. వేసవిలో కాలువలే కట్టేస్తారు. 1852లో ఆనకట్ట పూర్తిచేయించిన కాటన్ దొర కాలువల్లో పడవలు నడవాలని లాకులు కూడా కట్టించాడు. మనం ఆయన విగ్రహానికి దండలు వేసి, లాకులను తుప్పుకు అప్పగించాం. ఇక దిండి దగ్గర గోదావరి వసిష్ఠ పాయలో ఆటుపోట్ల వల్ల ఏడాది పొడవునా నీరుంటుంది గానీ, సంక్రాంతికి కొత్తల్లుడు ముచ్చటపడినప్పుడు బోటును అక్కడిదాకా లాక్కెళ్లాల్సిన ట్రాక్టరు డ్రైవరు కోడిపందేల బరి దగ్గర ఉంటాడు.

పైగా నీళ్లలో దింపితే 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ అంటూ తిరగాలి. వాకిట్లో ట్రాలీ మీద నిలిచిన బోటుకు ఆ బెడద లేదు.

కాబట్టి తూచవలసినవి వేరు. చిన్నదాని ఇంజను ఊడదీసి పడకగదిలో దాచుకోవచ్చు, దొంగల భయం ఉండదు. అయితే అందులో వియ్యాలవారంతా కూర్చుని ఫొటో దిగడం కష్టం. పెద్దదానిలో అందరూ పడతారు, సోఫాలు వీధివైపు తిరిగి ఉంటాయి, కొబ్బరిచెట్టు కింద మాత్రం నిలపకూడదు. నా తీర్పు పెద్దదానికే. దాని ఇంజను సంగతి అడిగితే అమ్మే ఆయన ఏమాత్రం తడబడకుండా అన్నారు: “ఆయ్, అది తీసేసి ఇమ్మంటే ఇంకో లక్ష తగ్గించేస్తానండీ.”