కార్టిసాల్ గారికి బహిరంగ లేఖ

ఒంటికి ఒత్తిడి కలిగినప్పుడు పెరిగే హార్మోన్, మహారాజశ్రీ కార్టిసాల్ గారి సముఖమునకు,

నమూనాల ఫలితాలు ఈ మధ్యాహ్నం చేతికి అందాయి. పొద్దు వాలేదాకా వాటిని అటూ ఇటూ తిప్పి చూసిన మీదట, తమరితోనే నేరుగా తేల్చుకోవడం మేలనిపించింది.

జంతువును పట్టి రక్తం తీద్దామంటే 3 నిమిషాలు దాటితే చాలు, తమరు పొంగడం మొదలుపెడతారు. అందుకని జింకల వెనక నడిచి పెంటికలే ఏరుకున్నాం. వాటి పైని తడి మెరుపు ఆరకముందే గొట్టంలో వేసి, ఎండకూ సూక్ష్మజీవులకూ చిక్కకుండా మంచుపెట్టెలో దాచి తెచ్చాం. ఇంత చేస్తే తమరు సెలవిచ్చిందేమిటి? మేత పలచగా ఉన్న పొదల్లో తిరిగే జింకల్లో తమరు ఎక్కువ, పచ్చిక బయళ్లలో మేసేవాటిలో తక్కువ.

సంతోషం. అయితే అవి వేటజంతువుకు జడిసి పొదల్లో దూరాయి కనుక పెరిగారా, పొదల్లో కడుపు నిండక పెరిగారా, లేక తమరు ముందే పెరిగి వాటిని పొదల్లోకి తోలారా? భయానికీ అదే అంకె, ఆకలికీ అదే అంకె, చూలుతో ఉన్న తల్లికీ అదే అంకె! పైగా పెంటికలో కనిపించేది ఎన్నో గంటల కిందటి సంగతి; జింక బెదిరిన చోటు ఒకటి, నేను వంగి ఏరిన చోటు మరొకటి.

తమరి పూర్వచరిత్రా అంతంతే. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనంలో 1995లో తోడేళ్లను తిరిగి వదిలాక, వాటి తాకిడికి ఎల్క్ దుప్పులు మేత చోట్లు మార్చుకున్నాయి గానీ, తోడేళ్ల ఒత్తిడిని బట్టి వాటి పేడలో తమరు పెరిగిన జాడ పరిశోధకులకు దొరకలేదు. అక్కడే మంచు మీద నడిచే మోటారు బండ్లు పెరిగిన రోజుల్లో మాత్రం పెరిగారు. దక్షిణ భారతంలో జనం తరుముతున్నా పంటల మీద పడి మేసిన ఏనుగుల లద్దెలో, అడవిలోని ఏనుగుల కంటే తక్కువగా తేలారు. పుష్టికరమైన మేత వల్ల కావచ్చని పరిశోధకులే తమరి తరఫున సంజాయిషీ చెప్పుకున్నారు.

ఒక్క ప్రశ్నకైనా సూటిగా బదులివ్వవేమయ్యా? మేత కరువైనప్పుడు కండ కరిగించి, కాలేయం చేత చక్కెర చేయించి ప్రాణం నిలిపేది నువ్వేనని తెలుసు కనుక నోరు కట్టుకుంటున్నాను, అంతే.

అన్నట్టు, అవే పెంటికల్లో థైరాయిడ్ హార్మోన్ జాడలు కూడా ఉంటాయి. కడుపు మాడితే అది తగ్గుతుంది, ఒట్టి బెదురుకు అంతగా చలించదు. మిగిలిన నమూనాలు ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్నాయి. రేపు దానితోనే మాట్లాడతాను.

ఇట్లు,
తమరి విధేయ పెంటికల సేకర్త