విప్పడం కాదండీ, తిరిగి బిగించడమే అసలు పని

గడ్డి కోసే మెషిన్ స్టార్ట్ అవ్వట్లేదు అనగానే "ఇంజన్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఒక్క సిలిండరు, ఒక్క పిస్టన్, రెండు వాల్వులు, అంత సింపుల్ ఇంజన్ అది! నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయిన పెట్రోల్ జిగురు కట్టి కార్బొరేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోయిందేమో ముందు చూడాలి కదా. బ్లేడు రాయికి తగిలాక ఆగిపోయిందంటే ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) తీసి, దాన్ని షాఫ్టు మీద కదలకుండా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, అదే కీ, చూడాలి. చాలా ఇంజన్లలో ఆ కీ మెత్తటి లోహంతో చేస్తారు, దెబ్బ తగిలి అది కొంచెం తెగినా చాలు, ఫ్లైవీల్ పక్కకి జరిగి స్పార్క్ పడాల్సిన టైమింగ్ తప్పుతుంది, ఇక ప్లగ్‌లో స్పార్క్ వస్తూనే ఉంటుంది పెట్రోల్ అందుతూనే ఉంటుంది ఇంజన్ మాత్రం అందుకోదు. ఆ వేలెడంత ముక్క మార్చడానికి బద్ధకించి ఇంజన్ మొత్తం తుక్కులో వేసేస్తున్నారు, ఎంత అన్యాయం చెప్పండి.

సరే, లోపల విప్పక తప్పలేదు అనుకుందాం. విప్పడం ఎవరైనా విప్పుతారు. బిగించేటప్పుడు క్రాంక్ (పిస్టన్ తిప్పే షాఫ్టు) గేర్ మీదున్న గుర్తు, క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) గేర్ మీదున్న గుర్తు ఎదురెదురుగా కలవాలి, ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వులు వేళ కాని వేళ తెరుచుకుంటాయి. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పినప్పుడు ఎటు ఉందో అటే పెట్టాలి, తిరగేస్తే క్రాంక్ పట్టేస్తుంది. పిస్టన్ రింగుల గ్యాపులు ఒకే వరసలో ఉండకూడదు. హెడ్ (సిలిండరు మూత) బోల్టులు ఎదురెదురు మూలలు చూసుకుంటూ రెండు మూడు విడతల్లో బిగించాలి, అది కూడా టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగించామో కొలిచే పానా), మాన్యువల్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం. "చేతికి తెలిసిపోతుందిలే" అనే మాట నేను అస్సలు ఒప్పుకోను, అల్యూమినియం బ్లాక్ అది, కాస్త ఎక్కువ బిగిస్తే మర ఊడి వచ్చేస్తుంది. స్పార్క్ పుట్టించే కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య గ్యాప్ చాలా మోడల్స్‌లో 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకులు) లేకపోతే విజిటింగ్ కార్డ్ మందం దాదాపు సరిపోతుంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్ప్రింగ్ విషయంలో. ఏ రంధ్రంలో ఉండేదో ఫోటో తీసుకోకుండా విప్పేసి తర్వాత ఏదో ఒక దాంట్లో తగిలించేస్తారు. ఈ ఇంజన్లు మామూలుగా నిమిషానికి 3600 చుట్లు దాటకూడదు, స్ప్రింగ్ తప్పుగా పడితే అదుపు లేకుండా పెరిగిపోయి రాడ్ విరిగి బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది, కింద బ్లేడు కూడా అదే వేగంతో తిరుగుతుంటుంది, పక్కన పిల్లలు ఉండొచ్చు. దయచేసి విప్పే ముందే ఫోటో తీయండి, ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టండి, అంతా బిగించాక ఆయిల్ పోసి, తాడు లాగే ముందు ప్లగ్ తీసి చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా పట్టేయట్లేదని చూసుకోండి.