మాస్కు దించి దగ్గే మర్యాదస్తులు

దగ్గు వచ్చినప్పుడు మాస్కు కిందికి దించి, మనసారా దగ్గి, మళ్లీ ముక్కు మీదికి లాక్కునే మహానుభావులకు ఈ వ్యాసం అంకితం. పాపం, డబ్బులు పెట్టి కొన్న మాస్కు, దాంట్లో దగ్గితే పాడైపోదూ!

మొన్న మియాపూర్‌లో రాజమండ్రి ఏసీ బస్సెక్కాను. అద్దాలు తెరుచుకోవు. నలభై మందిమి తెల్లారేదాకా ఒకే గాలిని సహపంక్తి భోజనంలా పంచుకోవాలి. నా ముందు సీట్లో ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, విభూతి, గడ్డం కింద మాస్కు. కూకట్‌పల్లి దాటకముందే కచేరీ మొదలైంది. ముందు సీట్లో ఆడవాళ్లున్నారు కాబట్టి, మర్యాదగా వెనక్కి తిరిగి నా మీదే దగ్గుతున్నారు.

"ఎన్నాళ్ల నుంచండీ?" అని పక్కాయన అడిగాడు.

"మూడు వారాలు దాటింది. వాతావరణం పడలేదంతే."

అంతే, బస్సు బస్సంతా వైద్యులైపోయారు. ఒకాయన మిరియాల కషాయం అన్నాడు. ఒకావిడ అల్లంరసంలో తేనె అంది. బోరు నీళ్ల వల్లేనని పైబెర్తు మీంచి ఒక గొంతు తేల్చేసింది. క్లీనర్ వచ్చి మల్లెపూల వాసన స్ప్రే కొట్టి పోయాడు. అప్పట్నుంచీ ఆయన దగ్గు మల్లెపూల వాసనతో వచ్చింది.

అసలు ఘట్టం సూర్యాపేటలో. భోజనాలయ్యాయి, డ్రైవర్ తాళం తిప్పబోతున్నాడు. పెద్దాయన తుమ్మారు. ఒక్కటే తుమ్ము! డ్రైవర్ చెయ్యి తాళం మీంచి లేచిపోయింది. బస్సంతా నిశ్శబ్దం. ఒంటి తుమ్ము మీద ప్రయాణమా? ఒకావిడ ఆయనకి మంచినీళ్లిచ్చింది. "ఇంకోటి ప్రయత్నించండి మాస్టారూ" అని ఎవరో బతిమాలారు. ఆయన కళ్లు మూసుకుని, లైటు వైపు ముఖం ఎత్తి, ముక్కుపుటాలు అదిలించారు. పక్కాయన జేబురుమాలు కొస మెలిపెట్టి అందించాడు. చివరికి వచ్చింది, రెండోది, మొదటిదానికి తాతలాంటిది. "హమ్మయ్య!" అని నలభై మందీ ఒకేసారి గాలి పీల్చారు. ఏ గాలి పీల్చారో నేను చెప్పక్కర్లేదు.

తుమ్ము శకునం గురించి మనకి ఇంత శాస్త్రం ఉంది. ఆ తుమ్ము ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరికీ పట్టదు. పెద్ద తుంపరలు కింద పడతాయి. సన్నటివి, కంటికి కనిపించనివి, మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. తట్టు వైరస్ అయితే, తెచ్చినవాడు వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలోనే ఉండగలదు. అంటే సూర్యాపేటలో దిగిపోయినవాడి తట్టు నందిగామ దాకా టికెట్ లేకుండా వస్తుందన్నమాట.

తప్పు మనదొక్కరిదే కాదు లెండి. 2020 మార్చి 28న సాక్షాత్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థే, కరోనా గాలి ద్వారా వ్యాపించదని ట్విట్టర్‌లో ఢంకా బజాయించింది. ఆ ధైర్యంతో మనం పాల ప్యాకెట్లకి తలంట్లు పోశాం, కిటికీలు బిగించుకుని కూర్చున్నాం.

ఉండబట్టలేక నేనూ నోరు విప్పాను. "రెండు వారాలు దాటిన దగ్గు కదండీ, సర్కారు దవాఖానాలో ఉచితంగా కఫం పరీక్ష చేస్తారు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లాంటివేమైనా ఉన్నాయా?"

పెద్దాయన ముఖం జేవురించింది. "నాకు టీబీ అంటారా? మా ఇంటావంటా లేదు!" అన్నారు. బస్సు నా వైపు అసహ్యంగా చూసింది. గంటల తరబడి దగ్గినాయన పెద్దమనిషి, ఒక్క మాటన్న నేను అప్రాచ్యుణ్ని.

ఇంటావంటా! ఈ మాట నేను ఇంతకుముందూ విన్నాను. మా వీధిలో ఒక పిల్లకి టీబీ వచ్చింది. పెళ్లీడు పిల్ల. "నిమ్ము చేరింది" అని చెప్పుకున్నారు. వెనక గదిలో పెట్టి కంచం వేరు చేశారు, గ్లాసు వేరు చేశారు. దగ్గు వీధిలోకి వినబడుతుందని ఉన్న ఒక్క కిటికీనీ మేకులు కొట్టి మూశారు. క్షయ కంచం వల్ల రాదు, గాలి వల్ల వస్తుంది. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక ఆస్పత్రి టీబీ వార్డు గాలిని గొట్టాల గుండా పైకప్పు మీది గినీ పందుల బోనుల్లోకి పంపారు. వాటికీ టీబీ వచ్చింది. అవి ఎవరి కంచంలో తిన్నాయి? ఎవరి గ్లాసులో తాగాయి? ఏ కిటికీ తెరిస్తే ఆ ఇంటికి మేలు జరిగేదో దానికే మేకులు కొట్టారు. తిండికని ప్రభుత్వం నెలకి ఇచ్చే వెయ్యి రూపాయలు కూడా తీసుకోలేదు, ఆశా కార్యకర్త గుమ్మం తొక్కితే వీధికి తెలిసిపోతుందట. ఆ పిల్ల ఆరు నెలలు ఒక్క మాత్ర మానకుండా మింగింది. పూర్తిగా నయమైంది. కంచం మాత్రం ఇప్పటికీ వేరే! వాళ్లని ఏమనాలో నాకు తెలుసు, ఇక్కడ రాస్తే వెయ్యరు. సిగ్గుండాలి.

తెల్లవారుజామున బస్సు కొవ్వూరు వంతెన ఎక్కింది. పెద్దాయన గోదావరికి దణ్ణం పెట్టుకుని, మాస్కు తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. మాట కలుపుదామని, ఏదైనా శుభకార్యమా అని అడిగాను. రాత్రి కోపం మర్చిపోయినట్టున్నారు, ముఖం విప్పారింది.

"మా అమ్మాయి కొడుకు బారసాలండీ. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. ముందు నేనే ఎత్తుకోవాలట."

"మాస్కు తీసేశారే?"

"పసివాడు కదండీ, జడుసుకుంటాడు."