హైబ్రిడ్ చేప మొండి ప్రాణమని ఎవరు చెప్పారు?

ఇళ్లలో ట్యాంకుల్లో పెంచే హైబ్రిడ్ చేపలు, అంటే వేర్వేరు జాతులను కలిపి పుట్టించిన ఫ్లవర్‌హార్న్, బ్లడ్ ప్యారట్‌ల గురించి ఒక పోస్టును ఈ మధ్య అందరూ తెగ షేర్ చేస్తున్నారు. హైబ్రిడ్‌లు మొండి ప్రాణాలట, చిన్న ట్యాంకులో వేస్తే దానికి తగ్గట్టే పెరుగుతాయట, నీళ్లు తేటగా ఉంటే ఫిల్టర్ అక్కర్లేదట, పెంచలేకపోతే చెరువులో వదిలేయొచ్చట, ఎందుకంటే వాటికి పిల్లలు పుట్టవట. ఇందులో ఒక్క మాటా నిలబడదు.

మొండి ప్రాణం అనేవాళ్లు బ్లడ్ ప్యారట్ మేత తినేటప్పుడు ఒక్కసారి దగ్గర కూర్చుని చూడాలి. 1980ల్లో తైవాన్‌లో సిక్లిడ్‌లు అనే కుటుంబానికి చెందిన చేపలను కలిపి తయారుచేసిన రకం ఇది. చాలావాటికి నోరు నిలువు చీలికలా ఉంటుంది, పూర్తిగా మూసుకోదు. గుళికను అందుకుంటుంది, జారిపోతుంది, మళ్లీ దాని వెంటపడుతుంది, చివరికి గొంతులోని పళ్లతో నలిపి మింగుతుంది, ఈలోపు పక్కనున్న చురుకైన చేప మిగతాదంతా తినేస్తుంది. అందుకే చిన్నగా, నీటిలో మునిగే గుళికలు వేయాలి, దూకుడు చేపలతో కలపకూడదు. పైగా వెన్ను కుదించుకుపోయిన గుండ్రటి ఒళ్లు కాబట్టి నీటిలో నిలకడగా తేలడానికి సాయపడే గాలితిత్తితో ఇబ్బందులు ఎక్కువ. తలకిందులుగా తేలుతున్న చేపను చూసి ముద్దుగా ఉందంటూ వీడియోలు తీసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, అది ఆడుకోవడం లేదండీ, అవస్థ పడుతోంది. ఊదా, నీలం రంగు ప్యారట్‌లు కనిపిస్తే కొనకండి, అది చేపకు ఎక్కించిన రంగు.

ట్యాంకుకు తగ్గట్టు పెరగడం అనేది శుద్ధ అబద్ధం. ఇరుకులో, చెడ్డ నీళ్లలో చేప గిడసబారిపోతుంది, దాన్ని సర్దుకుపోవడం అనరు. ఫ్లవర్‌హార్న్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది. ఒక్కదానికే 300 లీటర్ల ట్యాంకు కావాలి, తోడుగా ఇంకో చేపను వేస్తే కొరికి చంపడం మామూలే.

ఇక తేట నీళ్లు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా, అది కంటికి కనిపించదు. దాన్ని ముందు నైట్రైట్‌గా (అదీ విషమే), తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి ట్యాంకు, చేప ఒకేరోజు కొనకండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి, క్లోరిన్ తీసేశాకే కొత్త నీళ్లు పోయాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చెరువులో వదలమనే సలహా. బ్లడ్ ప్యారట్ మగవి చాలావరకు వంధ్యమే కానీ ఆడవి గుడ్లు పెడతాయి, వేరే సిక్లిడ్ మగ చేప కలిస్తే పిల్లలవుతాయి. ఫ్లవర్‌హార్న్‌ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు, జనం వదిలేసిన చేపలు మలేషియా, సింగపూర్ జలాశయాల్లో స్థిరపడి అక్కడి చేపలను తినేస్తున్నాయి. పెంచలేకపోతే అమ్మినవాళ్లను వెనక్కి తీసుకోమని అడగండి, లేదా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి. ఎవరూ దొరక్కపోతే దొరికేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, కానీ బయటి నీళ్లలో మాత్రం వదలొద్దు.