బావ పట్టు, బిట్టు పట్టు

మా బావ బ్యాంకులో ఉన్నన్నాళ్లూ సంతకంలో చిన్న వంకర కనిపించినా చెక్కు వెనక్కి పంపేసిన మనిషి. రిటైరయ్యాక చెక్కు వదిలి చెక్క పట్టాడు. ఆ డేగకళ్లు మాత్రం బ్యాంకులోనే వదిలేసి వచ్చాడని ఇప్పుడు మాకు అనుమానం.

ఊళ్లో పాతిల్లు పడగొడితే నల్లమద్ది దూలాలు వచ్చాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి అయితే పాపం మెత్తగా చెప్పినట్టు వింటుంది. ఈ మద్ది అలా కాదు, మేకు కొట్టాలన్నా ముందు బెజ్జం వేసి బతిమాలాలి. దాన్ని మిల్లులో అంగుళం మందాన పలకలు కోయించి దేవుడి మందిరం చేస్తానన్నాడు బావ. ఉలితో గాడులు కొట్టడానికి ఆచారి గారిని పిలుద్దామంటే, "ఇంకా ఉలేమిట్రా" అని చేతిరూటర్ మిషన్ కొనేశాడు. దాని కొసన బిగించే కోతముక్కను బిట్ అంటారు, అది గిర్రున తిరుగుతూ చెక్కలో గాడి తవ్వుతుంది. నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుందట. ఆ సంగతి వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

డైనింగ్ టేబుల్ మీద ఆదివారం పేపర్ పరిచి, పైన పలక పెట్టి క్లాంపులు బిగించాడు. మందం 25 మిల్లీమీటర్లు, గాడి లోతు 15. మొదటి గాడి మొదలైన చోట లోతు సరిగ్గా 15 ఉంది, ముగిసిన చోట 19. మిషన్ మీద లోతు పెట్టిన మర అంగుళమైనా కదల్లేదు. "బిట్‌ని పట్టే నట్టు బిగింపు చాల్లేదు" అని పానా తీసుకుని, పళ్లు బిగబట్టి, ఇంకాస్త తిప్పాడు బావ. రెండో గాడి మరీ లోతుకి పోయింది. ఇంకాస్త తిప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు గనక, జారుతోందంటే బిగించలేదన్న మాటే.

మూడో గాడిలో పొట్టు రంగులు మారడం మొదలైంది. ముందు మద్ది పొట్టు, ముదురు గోధుమ రంగులో. తరవాత సన్నటి కాగితం ముక్కలు, వాటిమీద అక్కడక్కడా రాశిఫలాలు. ఆ వెనక లేత పసుపు పొట్టు, పిండిలా, ధారగా.

"అదేమిట్రా, మద్ది లోపల ఇంత తెల్లగా ఉందే!" అన్నాడు బావ మురిసిపోతూ.

"బావా, అది మద్ది కాదు. టేబులు."

వంటింట్లోంచి అక్క వచ్చి చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ప్రమాదమని తెలిసి, ఆచారి గారికి ఫోన్ నేనే చేశాను.

ఆయన వస్తూనే ముందు ప్లగ్ పీకించారు. నట్టు విప్పి, బిట్ బయటికి లాగి, వెలుతురుకేసి పెట్టి చూశారు. మిషన్‌లోకి దూరే దాని కాడ చుట్టూ మెరుస్తూ ఏదో ఉంది.

"ఇదేంటి బాబుగారూ?"

"కొంచెం ఖాళీ అనిపిస్తే... చాక్లెట్ రేకు చుట్టాను."

"మరి ఈ జిడ్డేంటి?"

"తరవాత సులువుగా ఊడి రావాలని, కాస్త కొబ్బరినూనె."

"వచ్చిందిగా, సులువుగా," అంది అక్క. ఆ పూట ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

ఆచారి గారు కాలెట్ తీసి అరచేతిలో పెట్టి చూపించారు. నిలువునా చీలికలున్న చిన్న ఉక్కు గొట్టం అది. నట్టు తిప్పితే ఆ చీలికలు దగ్గరికి జరిగి బిట్ కాడను ఉడుంపట్టు పడతాయి. కానీ పట్టడానికి కాడ తన కొలతది అయివుండాలి. మిషన్‌తో వచ్చిన కాలెట్ పావు అంగుళానిది, అంటే 6.35 మిల్లీమీటర్లు. బావ విడిగా కొన్న బిట్ కాడ 6. తేడా మిల్లీమీటరులో మూడో వంతు. మన బజారులో రెండు రకాలూ పక్కపక్కనే వేలాడతాయి, కంటికి ఒక్కలాగే ఉంటాయి. ఆ ఖాళీని రేకుతోనో కాగితంతోనో నింపితే పట్టు రాదు, పైగా బిట్ ఊడి ఎగిరిందంటే అది టేబుల్‌తో పోయే వ్యవహారం కాదు.

పైగా ఇది మెలి బిట్. పొట్టును పైకి తోడుతూ తాను కిందికి దిగజూస్తుంది. అలాంటిదాన్ని మద్దిలో 15 మిల్లీమీటర్లూ ఒకే ఊపులో దింపితే ఎవరు ఆపుతారు? ఒక్కో విడతకు మూడేసి మిల్లీమీటర్లు తీసుకుంటూ పోవాలన్నారాయన.

"మరి నేను బిట్‌ని అడుగు తగిలేదాకా దింపి మరీ బిగించానే!" అన్నాడు బావ. ఇది తన తరఫు వాదన అనుకున్నాడు.

"అదీ చేశారా?" అని ఆచారి గారు కుర్చీలో కూర్చున్నారు. నట్టు బిగిసేటప్పుడు కాలెట్ కాస్త లోపలికి జరుగుతుంది, దాంతోపాటు బిట్టూ జరగాలి. అడుగుకి ఆనుకుపోతే జరగడానికి చోటుండదు. చేతికి నట్టు బిగిసినట్టే ఉంటుంది, లోపల పట్టు మాత్రం ఉండదు. అడుగంటా దింపి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి, అప్పుడు బిగించాలి.

పావు అంగుళం కాడ ఉన్న బిట్ తెప్పించారు. కాలెట్ చీలికల్లో పేరుకున్న పొట్టూ జిడ్డూ థిన్నర్‌తో కడిగి, ఇత్తడి బ్రష్‌తో తోమి, ఆరబెట్టారు. నట్టు మీద, బిట్ కాడ మీద కలిసేలా అక్క గోళ్ల రంగుతో ఒక గీత గీశారు. జారితే గీత విడిపోతుందన్నమాట. నాలుగో గాడి అయ్యాక అందరం వంగి చూశాం. గీత గీతలాగే ఉంది, లోతు 15.

తూటుపడ్డ పలకను పారేయనివ్వలేదు ఆచారి గారు. ఆ గాడిని ఉలితో అటువైపుకీ సరిచేసి, అడ్డచెక్క కొసను బయటిదాకా రప్పించి, చీల కొడితే మామూలు జాయింట్ కన్నా గట్టిగా ఉంటుందన్నారు. అయితే జోడీ కుదరాలిగా! కాబట్టి బాగా వచ్చిన గాడికి కూడా ఇప్పుడు కావాలని తూటు వేయాలి. ఆ పని బావ ఎంతో శ్రద్ధగా చేశాడు. చూడవచ్చినవాళ్లకి "ఇది పాతకాలపు పద్ధతండీ, ఈ రోజుల్లో ఎవరూ చేయట్లేదు" అని చెబుతున్నాడు.

టేబుల్ సంగతి అడిగితే అక్కడ ఉప్పుడబ్బా జరిపి పెడుతున్నాడు.