మైక్రోసిస్టిస్ గారికి కాచి చల్లార్చిన నమస్కారాలు

అయ్యా, 2014 ఆగస్టు 2, శనివారం. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న మా టొలెడోలో కుళాయి నీళ్ళు తాగొద్దని పొద్దున్నే కబురొచ్చింది చూడండి, నీళ్ళ మీద పచ్చ తెట్టు కట్టే సూక్ష్మజీవి తమరి పేరు వినడం అదే మొదలు. ఆ సరస్సు మీద పచ్చ పెయింటు ఒలకబోసినట్టు పరుచుకుని, దాదాపు 4 లక్షల మందిని సోమవారం దాకా బాటిళ్ళ కోసం తిప్పారు. ఫోన్లో అమ్మకి చెప్తే "కాచి చల్లార్చుకు తాగండ్రా, దానికింత గోలా" అంది. కాస్తే మీరు తయారుచేసే విషం, మైక్రోసిస్టిన్, పోదంట, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుద్దంట! మా అమ్మ మంత్రం పారకపోవడం నా జన్మలో అదొక్కసారే. బాటిల్ నీళ్ళతో బియ్యం కడిగించిన పాపం మీదే.

సరే మాదేముంది, ఆ ఆవగింజంత నీటి పురుగు డాఫ్నియా ఏం చేసిందండీ మిమ్మల్ని? పాపం కాళ్ళాడిస్తా నీళ్ళు వడగట్టుకుని దొరికింది మింగుద్ది, ఏరుకోవడం పెద్దగా రాదు. మీరేమో జిగురులో గుంపుగా అంటుకుని దాని నోటికి పట్టనంత ముద్దవుతారు, ఒకవేళ మింగినా కడుపులో తిండి అరిగించే ట్రిప్సిన్ పనిచెయ్యకుండా అడ్డుపడే పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) రెడీగా పెట్టుకుంటారు, అంటే విస్తరి నిండా వడ్డించి అరక్కుండా చేస్తారన్నమాట. మీలో కొందరి దగ్గర మైక్రోవిరిడిన్ జె అని ఇంకోటుంది, అది పడితే డాఫ్నియా పాత పెంకు విడవలేక అందులోనే ఇరుక్కుని చస్తది. పోనీ అన్నీ తట్టుకుని అరిగించుకున్నా మీలో ఎదగడానికి కావాల్సిన స్టెరాల్స్ అనే కొవ్వులు లేవు, ఎదుగూ బొదుగూ ఉండదు. విషమూ మీరే, పసలేని కూడూ మీరే. కోపిపాడ్లని ఇంకో రకం బుల్లి నీటి పురుగులున్నాయి, అవి కాస్త గడుసువి, మిమ్మల్ని వదిలేసి పక్కనున్న మంచి ఆల్గేని ఏరుకు తింటాయి, అదీ మీకే లాభం, పోటీ తగ్గుద్ది కదా.

ఇదంతా ఆత్మరక్షణ అని మిమ్మల్ని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. మైక్రోసిస్టిన్ తయారుచేసే జన్యువులు అసలు జంతువులే పుట్టకముందు నుంచీ ఉన్నాయంటగా, దొంగ పుట్టకముందే తాళం కొన్నారా సార్?

మేత వేసింది మేమేలెండి, మౌమీ నది ఈరీ సరస్సులోకి మోసుకొచ్చే ఫాస్ఫరస్ మా పొలాల ఎరువుదే ఎక్కువ.

ఒక్క కబురు చెప్పి ముగిస్తా. యూరప్‌లో కాన్‌స్టాన్స్ సరస్సు అడుగు బురదలోంచి పాత డాఫ్నియా గుడ్లు తీసి పొదిగించారు. 1960ల నాటి గుడ్లలోంచి వచ్చినవి మిమ్మల్ని తిని బాగా దెబ్బతిన్నాయి, 1970ల చివరివి చాలావరకు తట్టుకున్నాయి. పదిహేనేళ్ళు కూడా పట్టలేదు వాటికి, మీకు అలవాటుపడటానికి.

మాకింకా పడలేదు. ఆగస్టు వస్తే మంచం కింద రెండు కేసులు బాటిళ్ళుంటాయి. అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు వాటిని కూడా కాచే తాగుద్ది.