రాళ్లు దొర్లే దారినీ గీయాలి

చెన్నై తెలుగువారికి తిరువణ్ణామలై పరాయి ఊరు కాదు. పౌర్ణమి వస్తే గిరి ప్రదక్షిణకు ఇక్కడి నుంచి కుటుంబాలు కుటుంబాలుగా తరలివెళతాయి. 2024 డిసెంబరు 1న, ఫెంగల్ తుఫాను వానలకు, ఆ అరుణగిరి వాలు నుంచే మట్టి, బండరాళ్లు జారి ఒక ఇంటిని కప్పేశాయి. ఏడుగురు చనిపోయారు. వారిలో ఐదుగురు పిల్లలు. కొండచరియల ముప్పు నీలగిరికో హిమాలయాలకో పరిమితమన్న ధీమా ఇక చెల్లదు. 2021 డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద బండలు పడినప్పుడే మనం మేలుకోవాల్సింది.

కొండచరియలు ఎక్కడ జారవచ్చో చూపే పటాలు దేశంలో లేవని కాదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో మొదలుపెట్టి దాదాపు 4.2 లక్షల చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతాన్ని 1:50,000 కొలమానంలో పటాలకెక్కించింది. వాలు, రాతి స్వభావం, మట్టి మందం, వాగులు, నేల వాడకం, గతంలో జారిన చోట్లు అన్నీ కలిపి లెక్కగట్టిన పని అది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆ పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. అందులో ఒక వీధి కనిపించదు, ఒక బడి కనిపించదు. పైగా గతంలో జారిన దాఖలా నమోదు కాని కొండ గురించి ఈ లెక్కలు చెప్పగలిగేది తక్కువే.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. వయనాడులో 2024 జులై 30న కొండ విరిగింది ఎక్కడో పైన. ఆ బురద, రాళ్లు వాగు వెంట సుమారు 8 కిలోమీటర్లు ప్రవహించి ముండక్కై, చూరల్‌మల ఊళ్లను ఊడ్చేశాయి. 200 మందికి పైగా మరణించారు. ఎక్కడ జారుతుందో చెప్పే పటం సగం పటమే. జారినది ఎటు పారుతుందో, ఎంత దూరం వస్తుందో కూడా గీయాలి.

సరిగ్గా ఏడాదికి, 2025 జులై 30న, మన పొరుగునున్న శ్రీహరికోట నుంచి నిసార్ నింగికెగిసింది. మేఘాలను దాటి చూసే ఆ రాడార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే నేలను కొలుస్తుంది. మెల్లగా జరిగే వాలును అది పట్టిస్తుంది. ఒక్క రాత్రి కుండపోతకు ఉన్నట్టుండి విరిగే చరియకు మాత్రం వానమాపకాలు, ముందస్తు హెచ్చరికలు తప్పవు.

నీలగిరి, ఏర్కాడు, కొడైకెనాల్, తిరువణ్ణామలైలకు తమిళనాడు ప్రభుత్వం సర్వే నంబరు స్థాయి పటాలు తయారు చేయించాలి. ఇంటి ప్లాను మంజూరు చేసే పంచాయతీ, మునిసిపాలిటీ అధికారి వాటిని చూడకుండా సంతకం పెట్టకూడదు. అయితే కొండవాలున ఉంటున్నది ఎక్కువగా వేరే చోట స్థలం కొనలేని పేదలు. పటంలో ఎర్రరంగు పడిందని వారిని వెళ్లగొట్టడం అన్యాయం. అదే ఊళ్లో, పని దొరికే దూరంలో ముందు ఇల్లు కట్టి ఇచ్చి, ఆ తర్వాతే ఖాళీ చేయించాలి.